గోడలు చెప్పిన కథ

కథ చెప్పుటకు మాట యొక్కటియే సాధనము కాదు. హంపీలోని హజార రామాలయపు గోడలపై రామాయణగాథ శిలాఫలకములుగా చెక్కబడియున్నది. ఆ గోడల వెంట నడచువానికి కథ నడచును; అతడు నిలిచిన చోట కథయు నిలుచును. అచట చదువుట యనగా నడచుటయే. ఏ దృశ్యము ముందు, ఏది వెనుక అను వరుసలోనే కథన మున్నది.

ఈ పాత విద్య కంప్యూటరు యుగమున క్రొత్త వేషము ధరించినది. వీడియో గేములలో ఒక్కొక్క ఘట్టము జరుగు ప్రదేశమును లెవెల్ అందురు. గదులు, నడవలు, మెట్లు, తలుపులు, వెలుగునీడలు, శబ్దములు, శత్రువులు పొంచియుండు తావులు — వీని నన్నింటిని కూర్చు విద్యయే లెవెల్ డిజైన్. తుపాకి చేతబట్టి శత్రువులను కాల్చుచు సాగు షూటర్ ఆటలను చూచి ఉపాధ్యాయులు ముఖము చిట్లించుట సహజము. వానిలో అనేకములు కాలహరణమునకు మించి సాధించునది లేదు. అయినను, జీతము బత్తెము లేని అభిమానులు ఏండ్ల తరబడి శ్రమించి నిర్మించిన బ్లాక్ మెసా అను వైజ్ఞానిక కల్పనాక్రీడ ఆ కోవలోనిది కాదు. స్థలముచేత కథ చెప్పు నేర్పును, ఒక కృతిని శ్రద్ధగా చదువుట యనగా నేమో అను సంగతిని అది తెలియజేయును.

మూలకృతి

బ్లాక్ మెసాకు మూలము హాఫ్-లైఫ్ అను ఆట. మైక్రోసాఫ్ట్ సంస్థలో పనిచేసిన గేబ్ న్యూవెల్, మైక్ హారింగ్టన్ అను ఇరువురు 1996లో అమెరికాలో వాల్వ్ సంస్థను స్థాపించిరి. హాఫ్-లైఫ్ వారి తొలి ఆట. అది 1997లోనే వెలువడవలసినది. కాని నిర్మాతలు తమ పనిని తామే పరీక్షించుకొని, తృప్తి చెందక, అందులో అధిక భాగమును త్రోసిపుచ్చి మరల కట్టిరి. 1998 నవంబరులో ఆట వెలువడెను. నవలాకారుడైన మార్క్ లెయిడ్లా దాని కథారచనయందు పాల్గొనెను.

కథ సంగ్రహముగా ఇట్టిది. న్యూమెక్సికో ఎడారిలో, భూగర్భమున, బ్లాక్ మెసా అను మహా పరిశోధనశాల కలదు. గోర్డన్ ఫ్రీమాన్ అను యువ భౌతికశాస్త్రజ్ఞుడు ఒక ఉదయమున అచటికి పనికి వచ్చును. ఒక వింత స్ఫటికముపై జరిపిన ప్రయోగము వికటించి, రెండు లోకముల నడుమ ద్వారము తెఱచుకొనును. జెన్ అను అన్యలోకపు ప్రాణులు పరిశోధనశాలలో వచ్చిపడును. ఈ రహస్యమును కప్పిపుచ్చుటకు ప్రభుత్వము సైన్యమును పంపును. ఆ సైన్యము అన్యలోక ప్రాణులనే గాక శాస్త్రజ్ఞులను గూడ చంపజొచ్చును. ఫ్రీమాన్ ప్రాణము దక్కించుకొనుచు, తుదకు ఆ అన్యలోకమునకే పోయి విపత్తు మూలమును ఛేదించుట తక్కిన కథ.

ఈ ఇతివృత్తములో గొప్ప నూతనత్వ మేమియు లేదు. నూతనత్వ మంతయు చెప్పిన తీరులో నున్నది. ఆనాటి పెక్కు ఆటలలో కథ యనగా ఆటను నడుమ నడుమ ఆపి చూపు చిన్న చలనచిత్రము, లేదా తెరపై కనబడు వ్రాత. హాఫ్-లైఫ్‌లో అట్టి విరామములు లేవు. ఆడువాడు ఆద్యంతము ఫ్రీమాన్ కన్నులతోనే చూచును. ఫ్రీమాన్ ఒక్క మాటయు పలుకడు. ఆరంభమున అతడు ట్రాము బండిలో పరిశోధనశాల లోతులకు దిగును. ఆ కొన్ని నిమిషములలో యుద్ధము లేదు. బండిలో అటునిటు తిరుగవచ్చును, కిటికీలోనుండి చూడవచ్చును, అంతియే. పనిచేయుచున్న యంత్రములు, విధులలోనున్న సిబ్బంది, ధ్వనివర్ధకమునుండి వినవచ్చు ప్రకటనలు — వీనిని చూచుచు, వినుచు పోవుటలోనే ఆ స్థల మెంత విశాలమో, ఎంత కట్టుదిట్టమో ఎవరును చెప్పకయే మనస్సున కెక్కును. కొంతసేపటికి ఆ కట్టుదిట్టమంతయు కూలినపుడు నష్టమెంతటిదో తెలియుటకు ఈ ప్రయాణమే పునాది.

సైనికుల రాకయు ఇట్లే చిత్రింపబడినది. తమ్ము రక్షించుటకు సైన్యము వచ్చుచున్నదని శాస్త్రజ్ఞులు ఆశపడుచుందురు. వారిలో నొకడు సంతోషముతో ఒక సైనికునికి ఎదురేగును. సైనికుడు వానిని అచటనే కాల్చివేయును. దానికి వ్యాఖ్య లేదు, వివరణ లేదు. చూచినవానికి ఇక నెవరును చెప్పనక్కఱ లేదు.

పాఠము చెప్పని పాఠము

ఉపాధ్యాయులు గమనింపదగిన విషయ మొకటి ఇందు కలదు. లెవెల్ నిర్మాత ఆటగాని ప్రక్కన నిలిచి బోధింపజాలడు. నేర్పవలసిన దంతయు స్థలము ద్వారానే నేర్పవలెను.

ఒక ఘట్టము చూడుడు. రాకెట్టు ఇంజనులను పరీక్షించు లోతైన కూపమొకటి కలదు. దాని అడుగునుండి తొండములవంటి మూడు మహాబాహువులు పైకి లేచియుండును. వాని కొసలు వాడియైన ముక్కులు. వానికి చూపు లేదు, వినికిడి మాత్రము కలదు. తుపాకి ఇచట పనికిరాదు. ఇంతదాక పరుగెత్తుచు, కాల్చుచు వచ్చినవాడు ఇపుడు పిల్లివలె అడుగులో అడుగు వేయవలెను. దూరముగా చేతిబాంబు విసరినచో బాహువులు ఆ శబ్దమువైపు మరలును. ఆ వ్యవధిలో నిచ్చెన దిగవలెను. పైనున్న ఇంజనును మండించి ఆ ప్రాణిని దహించుటకు ఇంధనము, ఆమ్లజని, విద్యుచ్ఛక్తి కావలెను. ఈ మూడింటిని ప్రక్క దారులలోనికి పోయి సమకూర్చి, మరల పైకి రావలెను. పోవుటకును వచ్చుటకును కూపము తప్ప వేఱు దారి లేదు.

ఉన్నది ఒకే ప్రదేశము. కాని మొదటిసారి అది భయస్థానము, రెండవసారి సమస్య, తుదకు సాధనము. స్థలము మారలేదు, దానిని గూర్చిన ఆటగాని యెఱుక మారినది. మంచి పాఠము చేయు పనియు ఇంతియే గదా!

వాల్వ్ నిర్మాతలలో నొకడైన కెన్ బర్డ్‌వెల్ 1999లో తమ పద్ధతిని వివరించుచు ఒక వ్యాసము వ్రాసెను. సంఘటనలను కాలమును బట్టి గాక, ఆటగాడు నడచిన దూరమును బట్టి అమర్చితిమని అందు చెప్పెను. త్వరపడువానికి కథ త్వరగా సాగును. నిలిచి చూచువానికి నిలుచును. ఆటగాడు చేసిన ప్రతి పనికి ఆ లోకము బదులు పలుకవలె ననునది వారి మఱియొక నియమము. లోకము తన్ను గుర్తింపనిచో ఆటగాడును ఆ లోకమును లెక్కచేయడని వారి భావము. ఈ రెండు నియమములును తరగతి గదికి వర్తింపనివి కావు.

అభిమానుల దీక్ష

హాఫ్-లైఫ్‌తో పాటు వరల్డ్‌క్రాఫ్ట్ అను పనిముట్టును గూడ వాల్వ్ సంస్థ ఆటగాండ్ర కిచ్చెను. లెవెళ్ళను నిర్మించుటకు అది సాధనము. తరువాత దానికే హ్యామర్ అను పేరు వచ్చెను. చదువరికి పుస్తకముతో పాటు కలమును కాగితమును ఇచ్చినట్లయ్యెను. మూలమును మార్చియో, పెంచియో అభిమానులు నిర్మించు ఆటలకు మోడ్ అని పేరు.

2004 నవంబరులో హాఫ్-లైఫ్ రెండవ ఆట సోర్స్ అను క్రొత్త ఇంజిన్‌పై వెలువడెను. ఆ యింజిన్‌పైకి తొలి ఆటను గూడ ఎక్కించి విడుదల చేసిరి. నీరు క్రొత్తగా మెఱసెను గాని, గోడలు పాతవి, ముఖములు పాతవి. అభిమానులకు ఆశాభంగమయ్యెను. ఈ పనిని తామే చేయుదుమని పూనుకొన్న రెండు బృందములు ఏకమై బ్లాక్ మెసా నిర్మాణమునకు దిగెను. ఫ్రీమాన్ తొలి ఆయుధమైన గునపమును బట్టి తరువాత ఆ బృందము క్రోబార్ కలెక్టివ్ అను పేరు గైకొనెను. పలు దేశములవారు తమ తమ పనులు ముగించుకొని, ఇంటర్నెట్ ద్వారా కలిసి పనిచేసిరి. 2012 సెప్టెంబరు 14వ తేదీన, అన్యలోకపు ఘట్టములు తప్ప తక్కిన ఆటనంతయు ఉచితముగా వెలువరించిరి.

కోలాచల మల్లినాథసూరి కాళిదాస కావ్యములకు వ్యాఖ్యలు వ్రాయునపుడు మూలమున లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది చెప్పననియు నియమము పెట్టుకొనెను. ఈ అభిమానుల పని పెక్కుచోట్ల అట్టి వ్యాఖ్యానమే. నాటి కంప్యూటర్ల శక్తి చాలక మూలములో శాస్త్రజ్ఞు లందఱకు నాలుగు ముఖములే యుండెను. బ్లాక్ మెసాలో వేర్వేరు ముఖములు వచ్చెను. స్త్రీ శాస్త్రజ్ఞులును కనబడిరి. రెండవ ఆటలో ప్రముఖులైన ఎలై వాన్స్, ఐజాక్ క్లైనర్ అను శాస్త్రజ్ఞులు పూర్వము ఆ పరిశోధనశాలలో పనిచేసినవారే. కావున వారిని తొలికథలో, ప్రయోగము జరుగు దినమున, తగిన స్థానములందు నిలిపిరి.

అయితే పరిష్కర్తకు తప్పని చిక్కు వీరికిని తప్పలేదు. సొరంగపు రైలుమార్గములలో జరుగు ఒక దీర్ఘమైన ఘట్టము విసుగు పుట్టించుచున్నదని తలచి దానిని కుదించిరి. మూలభక్తులైన కొందఱు దీని నంగీకరింపలేదు. విడిచిన భాగములను తామే నిర్మించి వేఱుగా వెలువరించిరి. మహాకృతిలో విసుగు పుట్టించు భాగమును తగ్గించుట సేవయా, అపచారమా? ప్రక్షిప్తములను గూర్చి, పాఠభేదములను గూర్చి మన పండితులు పడిన తగవులు తెలిసినవారికి ఈ వివాదము క్రొత్తది కాదు.

జెన్ అను పరీక్ష

మిగిలినది అన్యలోకము. మూలములో ఆ తుది ఘట్టములు బలహీనములని ఆటగాండ్రును విమర్శకులును చాలకాలముగా భావించుచుండిరి. శూన్యమున తేలు బండలు, వానిపై దుముకులు — ఇంతకు మించి ఆ లోకమునకు రూపము లేదు. వ్యాఖ్యాత కిచట ఆధారము చాలదు. అతడు కవి కావలెను. 2013లో వాల్వ్ సంస్థ ఈ ఆటను విక్రయించుకొనుటకు అనుమతించెను. 2015 మే నెలలో అసంపూర్ణ రూపముననే విక్రయము మొదలయ్యెను. జెన్ ఘట్టము లన్నియు 2019 డిసెంబరులో గాని రాలేదు. 2020 మార్చి 6వ తేదీన పరిపూర్ణమైన ఆట వెలువడెను.

వారు కవులైనను మూలమును విడువలేదు. ఫ్రీమాన్ కంటె ముందే మానవులు జెన్‌కు పోయిరని మూలము సూచించుచున్నది. అభిమానులు ఆ సూచననే పెంచి, శిథిలమైన పరిశోధన శిబిరములను, మరణించిన అన్వేషకుల దేహములను అచట చూపిరి. వార్టిగాంట్ అను అన్యలోకవాసులు తొలినుండియు ఆటగానిపై విరుచుకుపడు శత్రువులు. మూలములోనే వారి మెడకు పట్టీ, మణికట్లకు సంకెలలవంటి కడియములు కలవు. క్రొత్త జెన్‌లో ఆటగాడు వారి గ్రామమున ప్రవేశించును. కర్మాగారములలో వారు వెట్టి చేయుట చూచును. వారిని ఆడించు నియంత్రకుల పట్టు సడలిన చోట వారు అతనిపై చేయి యెత్తరు. ఇంతసేపు తాను కాల్చివేసినవారు బానిసలని అతడు గ్రహించును. ఒక పాత్రయు ఈ సంగతి ఉపన్యసింపదు. గ్రామము చెప్పును, కర్మాగారము చెప్పును. తుపాకియే ప్రధానమైన ఆటలో, ఆ తుపాకి పట్టినవాని చేతనే సందేహము పుట్టించుట సామాన్యమైన పని కాదు.

కర్మాగారపు ఘట్టములు మితిమీరి సాగినవను విమర్శ లేకపోలేదు. అందు నిజమును కలదు. ఈ ఆటలో రక్తపాతమును మెండు. కావున ఇది పెద్దలకే గాని చిన్న తరగతుల బాలురకు తగినది కాదు. కాని దీని పద్ధతి ఆట ఆడనివారికిని అందును. ఒక కాగితమున తమ పాఠశాల పటమును గీయుడని విద్యార్థుల నడుగవచ్చును. క్రొత్తగా చేరు బాలుడు గేటునుండి తన తరగతి వఱకు నడచునంతలో, ఒక్క మాటయు వినకుండ, ఆ బడి యెట్టిదో తెలిసికొనునట్లు దారి నేర్పఱచుడని చెప్పవచ్చును. ఏ చెట్టు ముందు కనబడవలెను, ఏ గోడపై నేమి యుండవలెను, ఏ తలుపు తెఱచియుండవలెను అని ఆలోచింప మొదలిడిన విద్యార్థి కథాకథనపు తొలిపాఠము నేర్చినట్లే.