మిగ్ టైర్‌లో గాలి లేదన్నారు!

నేను పాడుచేసిన చక్రం రూపాయి బిళ్ల కంటే చిన్నది. కానీ దానివల్ల మిగ్‌-21 మొత్తం ఎడమవైపు ఒరిగిపోయింది.

పగలు కోడ్ రాస్తా, రాత్రిళ్లు స్కేల్ మోడల్స్ చేస్తా. కోడ్‌లో తప్పు చేస్తే వెనక్కి వెళ్లొచ్చు. రంపం కోతకి ఆ సౌకర్యం లేదు.

మా పెదనాన్న ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నీషియన్‌గా చేశారు. మిగ్‌-21ల టైర్లు మార్చిన చేతులు ఆయనవి. 1963లో మన ఎయిర్‌ఫోర్స్‌లో చేరిన ఆ విమానానికి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు పలికారు. అది టీవీలో చూస్తూ ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ రాత్రే 1/48 స్కేల్ కిట్ ఆర్డర్ పెట్టేశా. అంటే అసలు విమానంలో 48వ వంతన్నమాట.

కిట్‌లో వచ్చే ప్లాస్టిక్ చక్రాలు చాలావరకు రెండు ముక్కలు. అతికిస్తే టైర్ మధ్యలో గీత పడుతుంది. దాన్ని అరగదీస్తే టైర్ మీది గాడులూ పోతాయి. అందుకే విడిగా రెజిన్ చక్రాలు కొన్నా. వీటిని సిలికాన్ రబ్బరు అచ్చులో పోసి తీస్తారు. ఒకటే ముక్క, అతుకు లేదు, హబ్ మీది బోల్టులు కూడా కనిపిస్తాయి. కాకపోతే రెజిన్ పోసిన చోట ఓ దిమ్మ చక్రానికి అంటుకుని వస్తుంది. దాన్ని మనమే కోసెయ్యాలి.

చాలా సెట్లలో ఆ దిమ్మ సరిగ్గా టైర్ నేలకి ఆనే చోటే ఉంటుంది. విమానం బరువుకి టైర్ అడుగు కాస్త చదునవుతుంది కదా, కోసిన మచ్చ అక్కడైతే కనపడదు. అంటే మనం కోసే గీతే ఆ విమానానికి నేల!

ఇది నాకు తెలీదు. ప్లాస్టిక్ ముక్కలు తెంపే కట్టర్‌తోనే పట్టి నొక్కా. రెజిన్ పెళుసు. టక్‌మని టైర్ అంచు ఊడొచ్చింది. ఆ గుంత పోయేదాకా అరగదీస్తే 1 మి.మీ. పోయింది. మిగ్ పెద్ద చక్రం దాదాపు 80 సెం.మీ. ఉంటుంది, మోడల్‌లో 17 మి.మీ. లోపే. ఇక్కడ 1 మి.మీ. అంటే అక్కడ దాదాపు 5 సెం.మీ.

ఎవరు చూస్తార్లే అని పెయింట్ వేసి సంక్రాంతికి ఊరు తీసుకెళ్లా. పెదనాన్న దాన్ని టేబుల్ మీద పెట్టి, వంగి, ఒక కన్ను మూసి చూశారు.

"ఎడమ టైర్‌లో గాలి లేదురా. దీన్ని ఎగరనివ్వం," అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకే నవ్వు రాలేదు.

కొత్త సెట్ తెప్పించా. ముందు పాతది ఊడదీయాలి. గట్టిగా లాగితే సన్నటి కాలు విరుగుతుంది. చల్లదనానికి ఫెవిక్విక్ పట్టు పెళుసవుతుందని విమానాన్ని గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టా. "బఠాణీల పక్కన ఇదేంట్రా?" అని అమ్మ కేక. మెల్లగా మెలితిప్పితే చక్రం వచ్చేసింది.

ఈసారి తొందరపడలేదు. అచ్చు జిడ్డు ఉంటే పెయింట్ పట్టదు కాబట్టి గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగా. పెన్సిల్ గీత గీసి, దానికి అర మి.మీ. బయటే, దిమ్మ వైపు, సన్న పళ్ల రంపం పెట్టా. నొక్కకుండా, చక్రం తిప్పుతూ నాలుగు వైపుల నుంచీ కోశా. మిగిలిన అర మి.మీ. అద్దం మీద పరిచిన వాటర్ పేపర్‌తో, 400 తర్వాత 600, తడి చేస్తూనే. పది రుద్దులకోసారి రెండు చక్రాలూ పక్కపక్కన నిలబెట్టి చూసుకున్నా. మొదటిసారి ఫ్యాన్ వేసుకుని పొడిగా రుద్దితే రెండ్రోజులు గొంతు పట్టేసింది. ఆ పొడి పీల్చకూడదు. ఎన్‌95 మాస్క్ తప్పనిసరి.

హబ్‌కి ఆకుపచ్చ, టైర్‌కి నలుపు కాకుండా ముదురు బూడిద రంగు వేశా. కుడి చక్రం బిగించా. కిట్ గ్లూ రెజిన్‌ని పట్టదు, మళ్లీ ఫెవిక్విక్కే. ఎడమది మాత్రం చిన్న డబ్బాలో అలాగే ఉంచా. వచ్చే ఆదివారం పెదనాన్న హైదరాబాద్ వస్తున్నారు. అది ఆయనే బిగిస్తారట.