కిటికీలో పెళ్లికూతురు

స్వీడన్, డెన్మార్క్‌లలో వేసవి వచ్చిందంటే కొన్ని ఇళ్ల కిటికీలకు పెళ్లికళ వచ్చేస్తుంది. పక్కపక్కనే రెండు కుండీలు. ఒకదాని నిండా తెల్లని పూలు, రెండోదాని నిండా నీలం పూలు. అక్కడివాళ్లు ఈ జంటను వధూవరులనే పిలుస్తారు. తెల్లపూల మొక్క వధువు, నీలంపూల మొక్క వరుడు.

నిజానికి రెండూ ఒకే జాతి. శాస్త్రీయనామం కాంపాన్యులా ఐసోఫిల్లా. గంటపూల కుటుంబానికి చెందిన ఈ బహువార్షిక మొక్క కొమ్మలు కుండీ అంచు దాటి కిందికి వేలాడతాయి. పూత మీదుంటే ఆకులు కనిపించనంతగా నక్షత్రాల్లాంటి పూలు విరబూస్తాయి.

ఈ పెళ్లికూతురి పుట్టిల్లు మాత్రం చలిదేశం కాదు. వాయవ్య ఇటలీలో లిగూరియా తీరాన నోలి, ఫినాలె లిగూరె పట్టణాల పరిసరాల్లోని సున్నపురాతి కొండచరియలు. ప్రపంచంలో మరెక్కడా ఇది సహజంగా పెరగదు. అక్కడ పూసేవి ప్రధానంగా నీలిఛాయ పూలే. తెల్లరకాన్ని తోటల పెంపకందారులు కొమ్మలు నాటుతూ కాపాడుకొచ్చారు.

మరి ఉత్తరాది దేశాల్లో అంత బాగా ఎలా పూస్తోంది? కిటుకు పగటి పొడవులో ఉంది. చాలా మొక్కల పూతను పగటి నిడివే నిర్ణయిస్తుందని అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ 1920లో చాటారు. ఈ గంటపూవుకు సుమారు 14 గంటల పగలు కావాలి. జూన్‌లో స్టాక్‌హోంలో పగలు 18 గంటలపైనే. హైదరాబాద్‌లో ఏడాదిలోకెల్లా పెద్ద పగలు కూడా 13 గంటల పైచిలుకే. మన చామంతిది సరిగ్గా దీనికి వ్యతిరేక స్వభావం. పగలు తగ్గితేనే మొగ్గ తొడుగుతుంది. అందుకే పూత ఆలస్యం కావాలనుకున్న రైతులు రాత్రిళ్లు తోటలో బల్బులు వెలిగిస్తారు. చామంతిని ఆపే ఆ వెలుతురే గంటపూవును పూయిస్తుంది.

కుండీల్లో ఇంత విరివిగా ఉన్న మొక్కకు ఇక ముప్పేమిటని అనిపించవచ్చు. కానీ కొమ్మ నాటి పెంచిన ప్రతి మొక్కా తల్లికి నకలే. ఒక తెగులుకు తల్లి లొంగితే పిల్లలూ లొంగుతాయి. దాన్ని తట్టుకునే గుణం కావాలంటే వెతకాల్సింది లిగూరియా రాతి పగుళ్లలో విత్తనంతో మొలిచిన మొక్కల్లోనే. ఫినాలె ఇప్పుడు కొండలెక్కే సాహసికులకు పేరుమోసిన కేంద్రం. వాళ్లు పట్టుకోసం వేళ్లు దూర్చే పగుళ్లలాంటి చోటే ఈ మొక్కా వేళ్లూనుకుంటుంది. కిటికీలో కుండీ పగిలితే మరొకటి కొనుక్కోవచ్చు. ఆ చరియల మీది మొక్కలు పోతే తెచ్చుకోవడానికి మరో చోటు లేదు.