ఒకే వ్యాసానికి రెండు తూకాలు

ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష. హోసూరు, బళ్లారి, రాయగడ ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఈ స్థితి చిరపరిచితమే. అమెరికాలో స్పానిష్ మాట్లాడే కుటుంబాలదీ ఇదే స్థితి. 1848 నాటి గ్వాడలూప్ హిడాల్గో సంధితో మెక్సికో తన ఉత్తర భూభాగంలో అధిక భాగాన్ని అమెరికాకు వదులుకొంది. ఊళ్లు ఉన్నచోటనే ఉన్నాయి. సరిహద్దు రేఖ మాత్రం వాటిని దాటి దక్షిణానికి జరిగింది. తరువాతి కాలంలో వలస వచ్చినవారి సంఖ్య అంతకు ఎన్నో రెట్లు. వీరి పిల్లలు ఇంట్లో స్పానిష్‌లో మాట్లాడుతూ, చదువును ప్రధానంగా ఇంగ్లీషులోనే సాగిస్తారు. అటువంటి విద్యార్థి స్పానిష్ సాహిత్యంపై వ్యాసం రాస్తే దానిని ఏ తూకంతో తూచాలి?

అక్కడి ఉన్నత పాఠశాల విద్యార్థులు కళాశాల స్థాయి పాఠాలు చదివి 'ఏపీ' అనే పరీక్షలు రాస్తారు. (ఈ రెండక్షరాలకు మన ఆంధ్రప్రదేశ్‌తో సంబంధం లేదు.) వీటిని నిర్వహించే సంస్థ కాలేజ్ బోర్డ్. స్పానిష్ సాహిత్య పరీక్షకు 38 రచనలు నిర్ణయించారు. వాటిలో సెర్వాంటెస్ 'డాన్ క్విక్సోట్' భాగాలున్నాయి, గార్సియా మార్కెస్ కథలున్నాయి. టెక్సాస్‌లో వలస కూలీల బిడ్డగా పెరిగి, వారి బతుకునే స్పానిష్‌లో రాసిన తోమస్ రివేరా కథలూ ఉన్నాయి. ప్రశ్నపత్రంలోని రెండు పెద్ద వ్యాసాలలో ప్రతిదానికీ విషయానికి 5, భాషకు 5 చొప్పున మార్కులు విడివిడిగా వేస్తారు.

విషయానికి వేసే మార్కులలో ఒక నియమం కఠినమైనది. కథను తిరిగి చెప్పినంత మాత్రాన ఎక్కువ మార్కులు రావు. మెక్సికో రచయిత హువాన్ రుల్ఫో కథ ఒకటి ఈ జాబితాలో ఉంది. ఒక ముసలి తండ్రి గాయపడిన కొడుకును భుజాలపై మోసుకొంటూ రాత్రివేళ వైద్యుడున్న ఊరికి నడుస్తాడు. కుక్కల అరుపులు వినిపిస్తున్నాయా అని దారిపొడవునా అడుగుతాడు. ఇంతవరకే రాస్తే అది సారాంశం. తండ్రి మొదట కొడుకును 'నువ్వు' అంటూ, అతని దుర్మార్గాలను ఎత్తిపొడిచేటప్పుడు 'మీరు' అనడం ప్రారంభిస్తాడు. స్పానిష్‌లోనూ మనకు మల్లే ఈ రెండు సంబోధనలు ఉన్నాయి. ఇక్కడి 'మీరు'లో గౌరవం లేదు. కొడుకును పరాయివానిగా నిలబెట్టే దూరం ఉంది. ఈ సంగతిని గుర్తించి రాసిన విద్యార్థికి కొన్ని అక్షర దోషాలున్నా విషయపు మార్కులు దక్కుతాయి. ఇంట్లో స్పానిష్ విని పెరిగిన బిడ్డ దీనిని ఇట్టే పట్టుకోగలడు.

భాష వద్దకు వచ్చేసరికి ఆ బిడ్డకే చిక్కు. చెవి చెప్పినట్లు చెయ్యి రాస్తుంది. స్పానిష్‌లో బి, వి అక్షరాలకు పలుకుబడిలో భేదం లేదు. హెచ్ రాస్తారే గాని పలకరు. లాటిన్ అమెరికా ఉచ్చారణలో 'కాసా' అని వినిపించే మాటను ఎస్‌తో రాస్తే ఇల్లు, జెడ్‌తో రాస్తే వేట. 'పపా' అన్న మాటలో చివరి అచ్చుపై గీత పెడితే తండ్రి, మరిస్తే బంగాళాదుంప! తమిళ మాధ్యమంలో చదివిన మన పిల్లవాడు తెలుగులో 'గ' రాయవలసిన చోట 'క' రాయడం ఇటువంటిదే. తమిళ లిపిలో రెంటికీ ఒకే అక్షరం. తరగతిలోనే స్పానిష్ నేర్చినవారి తప్పులు వేరు. 'సమస్య' అనే అర్థమిచ్చే 'ప్రొబ్లేమా' అకారాంతమైనా పుంలింగమని వారు మరచిపోతారు.

గీతల విషయంలో పెద్దలకే ఏకాభిప్రాయం లేదు. 'మాత్రమే' అనే అర్థంలో 'సోలొ'పై గీత అక్కరలేదని స్పానిష్ రాయల్ అకాడమీ 2010లో సూచించింది. అర్థభ్రాంతి కలుగుతుందని రచయిత భావిస్తే పెట్టుకోవచ్చునని 2023లో వివరణ ఇచ్చింది. కనుక తప్పుకు ఇంత అని లెక్కగట్టి మార్కులు కోయరు. పదసంపద, క్రియారూపాలు, వర్ణక్రమం, పేరాల కూర్పు చూసి, తప్పులు అర్థగ్రహణానికి ఎంత అడ్డుపడుతున్నాయో నిర్ణయిస్తారు. దిద్దే అధ్యాపకులకు ముందుగా నమూనా పత్రాలతో తర్ఫీదు ఇస్తారు. విద్యార్థి పేరు గాని, పాఠశాల పేరు గాని వారికి తెలియనివ్వరు.

తరగతి గదిలో ఎర్రసిరా ఎంత వాడాలన్నది మరొక వివాదం. పరభాషా రచనలో వ్యాకరణ దోషాలు దిద్దడం నిష్ప్రయోజనమేగాక హానికరమని జాన్ ట్రస్కాట్ 1996లో వాదించారు. ఆ నిర్ణయం తొందరపాటని డేనా ఫెరిస్ 1999లో జవాబిచ్చారు. ఈ వ్యాసకర్త మొగ్గు ఫెరిస్ వైపే. అయితే పేజీ నిండా ఎర్రగీతలతో ఇంటికి వచ్చిన పుస్తకంలో తన ఊహ ఎక్కడ బాగుందో పిల్లవానికి కనిపించదు.

ఈ రెండు తూకాల పద్ధతికీ లోపం ఉంది. స్పానిష్ ఇంట నేర్చినవారి ఫలితాలను, బడిలో నేర్చినవారి ఫలితాలను గణాంకాలలో వేరుచేసి చూపుతారు గాని, పత్రం దిద్దేటప్పుడు భాషకు ఇద్దరికీ కొలబద్ద ఒక్కటే. చెవితో నేర్చినవాడు మరచిన గీత, పుస్తకంతో నేర్చినవాడు మరచిన గీత ఆ 5 మార్కుల దగ్గర సమానమే.