ఆ బొమ్మ ఏడుస్తోందా, నవ్వుతోందా?

గత సంవత్సరం మా సంఘంలో ఒక సహోదరి ప్రభువునందు నిద్రించారు. తెల్లవారకముందే ఆ కబురు సంఘం వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. భూస్థాపన ఎన్ని గంటలకో, ఇల్లు ఎక్కడో, కింద ఆమె ఫోటో. కాసేపట్లోనే సంతాపాలు మొదలయ్యాయి. వాటి మధ్యలో డెబ్బై దాటిన ఒక పెద్దాయన ఒక బొమ్మ పెట్టారు. ఆ కుటుంబానికి ఆయన చాలా ఏళ్ళుగా ఆప్తుడు. పసుపు రంగు గుండ్రటి ముఖం, రెండు కళ్ళ పక్కన రెండు నీటి చుక్కలు. ఒకటి కాదు, వరుసగా అయిదు పెట్టారు.

తాను ఏడుస్తున్నానని చెప్పాలనుకున్నారాయన. కాని ఆ ముఖం పగలబడి నవ్వే ముఖం. నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళు తిరిగాయని చెప్పే బొమ్మ అది. చిన్న తెర మీద, అద్దాలు పెట్టుకోకుండా చూస్తే కన్నీళ్ళు కనిపిస్తాయి గాని తెరిచిన నోరు కనిపించదు. చనిపోయినామె కొడుకు బెంగళూరు నుంచి బస్సులో వస్తూ దాన్ని చూశాడు. భూస్థాపన దగ్గర ఆ పెద్దాయన దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకోబోతే వెనక్కు లాక్కున్నాడు. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. మూడు వారాల తర్వాత మనవడు ఫోన్ చూపించి చెప్పాడు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదట. మరునాడు ఆ ఇంటికి వెళ్ళి కూర్చున్నారు. ఇప్పుడు వాళ్ళు బాగానే ఉన్నారు గాని, ఆ మూడు వారాలు ఆ అబ్బాయి తన తల్లి చావును చూసి నవ్విన మనిషి ఒకడున్నాడని నమ్ముతూ గడిపాడు.

ఇలాంటివి మన సంఘాల్లో అరుదు కాదు. అందుకే ఈ గుర్తులు ఎక్కడివో, ఎవరు ఏ అర్థంతో వాడతారో ఒకసారి చూద్దాం.

టైపు చేసిన ముఖం పుట్టిందే ఒక అపార్థం వల్ల. 1982లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాఖ వాళ్ళు ఒక ఎలక్ట్రానిక్ నోటీసు బోర్డు మీద రాసుకునేవారు. లిఫ్టులో పాదరసం ఒలికిందంటూ సాగిన ఒక వేళాకోళాన్ని కొందరు నిజమైన హెచ్చరికగా తీసుకున్నారు. దాంతో హాస్యానికి ఒక గుర్తు ఉండాలన్న చర్చ వచ్చింది. సెప్టెంబరు 19న స్కాట్ ఫాల్మన్ అనే అధ్యాపకుడు :-) అన్న గుర్తును సూచించాడు. తల పక్కకు వంచి చూడమన్నాడు. రెండు చుక్కలు కళ్ళు, గీత ముక్కు, బ్రాకెట్ నోరు. అదే సందేశంలో :-( కూడా ఉంది. అయితే ఆయన ఉద్దేశంలో అది ఏడుపు కాదు, 'ఇది వేళాకోళం కాదు' అని చెప్పడానికి. జనం చేతిలో పడ్డాక అది కొద్దికాలానికే దుఃఖమైపోయింది. కనిపెట్టినవాడు ఇచ్చిన అర్థమే నిలవలేదన్నమాట.

జపాను వాళ్ళు ఇంకో దారి పట్టారు. వాళ్ళ ముఖాలకు తల వంచనక్కరలేదు, నిటారుగానే ఉంటాయి. (^_^) అంటే సంతోషం, (T_T) అంటే ఏడుపు. ఆ రెండు అక్షరాలూ కారే కన్నీళ్ళు. గమనించారా, అమెరికా ముఖంలో భావం నోట్లో ఉంది, జపాను ముఖంలో కళ్ళలో ఉంది. ఎదుటివాళ్ళ భావాన్ని చదవడానికి జపాను వాళ్ళు ఎక్కువగా కళ్ళను, అమెరికన్లు ఎక్కువగా నోటిని చూస్తారని 2007లో వచ్చిన ఒక పరిశోధన కూడా చెప్పింది. మా పెద్దాయన కూడా కళ్ళనే చూశారు మరి! మన అక్షరానికీ ఈ కథలో కొంచెం చోటుంది. కోరగా చూసే ముఖంగా ప్రపంచమంతా వాడుకున్న ಠ_ಠ అన్న గుర్తులో ఆ రెండు కళ్ళూ కన్నడ 'ఠ' అక్షరాలు. మన 'ఠ'కు అది తోబుట్టువే.

బొమ్మలు తర్వాత వచ్చాయి. 1999లో జపానులోని డొకోమో అనే ఫోన్ కంపెనీ కోసం షిగెతాకా కురితా 176 బొమ్మలు తయారుచేశాడు. 'ఎ' అంటే బొమ్మ, 'మోజి' అంటే అక్షరం. ఎమోజి అన్న మాట ఇంగ్లీషు ఎమోషన్‌లోంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు గాని ఆ పోలిక యాదృచ్ఛికం. 2010లో ఇవి యూనికోడ్‌లో చేరాయి, అక్కడి నుంచి అన్ని ఫోన్లలోకీ వచ్చాయి. కాని పుట్టిన ఊరి అలవాట్లను వెంటబెట్టుకునే వచ్చాయి. ముక్కు దగ్గర ఒక చుక్క వేలాడే ముఖం ఒకటుంది. మనకు అది కన్నీటి చుక్క. జపాను బొమ్మల పుస్తకాల్లో మనిషి గాఢంగా నిద్రపోతున్నాడని చూపడానికి ముక్కు దగ్గర ఒక బుడగ గీస్తారు, ఆ చుక్క అదే. సంతాప సందేశాల కింద ఈ నిద్రముఖాన్ని నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ముక్కుల్లోంచి ఆవిరి వదిలే ముఖం మనకు కోపం. దానికి యూనికోడ్ పెట్టిన పేరు మాత్రం విజయగర్వంతో చూసే ముఖం.

పైగా ఒకే బొమ్మను ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా గీస్తుంది. మీరు పంపిన నవ్వు అవతలి ఫోన్‌లో పళ్ళు కొరుకుతున్నట్టు కనిపించవచ్చు. 2016లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు పరిశీలించినప్పుడు, ఒకే బొమ్మను కొందరు సంతోషమనీ కొందరు బాధ అనీ చదివారు.

వయసు మరో తేడా. పగలబడి నవ్వే ఆ ముఖాన్నే 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్ళు ఆ సంవత్సరపు మాటగా ఎంచుకున్నారు. ఇప్పటి యౌవనస్థుల్లో చాలామందికి అది పాతబడింది. వాళ్ళు నవ్వు వస్తే భోరున ఏడ్చే ముఖం పెడతారు, లేదా పుర్రె బొమ్మ పెడతారు. నవ్వలేక చచ్చాం అని. యూత్ మీటింగు ఫోటో కింద పుర్రె చూసి ఒక తల్లి కంగారుపడి నాకు ఫోన్ చేశారు. పెద్దవాళ్ళు ఏడుపనుకొని నవ్వు పెడుతుంటే, పిల్లలు నవ్వు కోసం ఏడుపు పెడుతున్నారు. ఇద్దరూ ఒకే గ్రూపులో ఉన్నారు.

బొటనవేలు సంగతి కోర్టుల దాకా వెళ్ళింది. కెనడాలోని సస్కాచెవాన్‌లో ఒక ధాన్యం వ్యాపారి అవిసె గింజల ఒప్పందాన్ని ఫోటో తీసి రైతుకు పంపి, ఖాయం చేయమన్నాడు. రైతు బొటనవేలి బొమ్మ పెట్టాడు. గింజలు మాత్రం తోలలేదు. కాగితం అందిందనే తన ఉద్దేశమన్నాడు. 2023లో న్యాయమూర్తి ఆ బొమ్మ సంతకంతో సమానమని తేల్చి, 82 వేల డాలర్లకు పైగా చెల్లించమన్నారు. మన దేశంలో మరో రకంగా జరిగింది. రైల్వే రక్షణ దళంలో ఒక కానిస్టేబుల్, ఒక అధికారి హత్యకు గురైన వార్త కింద అదే బొటనవేలు పెట్టి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. చూశానని చెప్పడమే తన ఉద్దేశమన్నాడు. 2024లో మద్రాసు హైకోర్టు ఆ మాట ఒప్పుకొని అతని పక్షాన తీర్పిచ్చింది. ఒక చోట 'ఒప్పుకున్నాను', మరో చోట 'చూశాను'. ఇరాన్ లాంటి చోట్లయితే బొటనవేలు చూపడం పాతకాలం నుంచీ తిట్టు. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవడం మంచిది.

ఇక మన గ్రూపుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది జోడించిన చేతులు. యూనికోడ్ దానికి పెట్టిన పేరు కూడా అంతే, చేతులు జోడించిన మనిషి. ప్రార్థన అన్న మాట అందులో లేదు. జపానులో అది 'దయచేసి', 'కృతజ్ఞతలు'. పడమటి దేశాల్లో కొందరు ఇద్దరు మనుషులు చేతులు చరుచుకుంటున్నారని అనుకుంటారు. మనకు అది వందనం, క్షమాపణ, బతిమాలడం, శ్రద్ధాంజలి, 'ఇక చాలు బాబూ' కూడా. అన్నిటి మీదా ప్రార్థన. ఆపరేషన్‌కు వెళ్తూ ఒక సహోదరి ప్రార్థించమని అడిగితే నలభైకి పైగా జోడించిన చేతులు వచ్చాయి. కోలుకున్నాక ఆమె నాతో అన్న మాట ఇది: "అయ్యగారూ, అందులో ఎంతమంది ప్రార్థన చేశారో, ఎంతమంది నమస్కారం పెట్టి వెళ్ళారో నాకు తెలియలేదు. ఒక్క అక్క మాత్రం ఫోన్ చేసి రెండు నిమిషాలు ప్రార్థించింది. థియేటర్‌లోకి తీసుకెళ్ళేటప్పుడు నాకు ఆ గొంతే వినిపించింది." నలభైమందిలో మోకరించినవారు తప్పక ఉంటారు. ఆ బొమ్మకు మాత్రం ఆ సంగతి చెప్పడం చేతకాలేదు.

'ఆమేన్' కూడా ఇలాగే తయారైంది. హెబ్రీలో అది స్థిరత్వాన్ని, సత్యాన్ని సూచించే మాట. అలాగే జరుగును గాక అని వాడతాం. ఫలానా సహోదరుడు ఉదయం నిద్రించారన్న వార్త కింద ఏడెనిమిది ఆమేన్లు వరుసగా చూస్తే ఏమనుకోవాలి? రాసినవారికి ఏ దురుద్దేశమూ లేదు, వేలికి అలవాటైపోయింది అంతే. ఆర్ఐపీ అన్న మూడక్షరాలది మరో కథ. 'శాంతితో విశ్రమించును గాక' అనే లాటిన్ వాక్యానికి అవి పొడి అక్షరాలు, ఇంగ్లీషులోనూ అవే కుదిరాయి. మృతుల కోసం ప్రార్థించినట్టవుతుందని కొన్ని సంఘాలు దాన్ని వాడవు. ఆ వాదనలోకి నేను దిగను. నలభై ఏళ్ళు మనకు అన్నం పెట్టిన తల్లికి మూడు ఇంగ్లీషు అక్షరాలతో వీడ్కోలు చెప్పడం, హాజరు పట్టీలో సంతకం చేసి వెళ్ళినట్టుంటుందని మాత్రం నా అభిప్రాయం.

పొడి అక్షరాల్లో పెద్దవాళ్ళూ బోల్తాపడ్డారు. బ్రిటన్ ప్రధానిగా పనిచేసిన డేవిడ్ కామెరాన్ ఎల్ఓఎల్ అంటే 'ఎంతో ప్రేమతో' అనుకొని తన సందేశాల చివర పెట్టేవాడట. నిజానికది 'పగలబడి నవ్వుతున్నాను'. ఆ సందేశాలు అందుకున్న పత్రికాధిపతి 2012లో విచారణ సంఘం ముందు ఈ సంగతి బయటపెట్టారు.

ఎక్స్ అక్షరం దగ్గర కాస్త ఆగాలి. మనకు అది ఇంటు మార్కు, లెక్క తప్పయితే టీచరు పెట్టేది. బ్రిటన్‌లో సందేశం చివర ఎక్స్ పెడితే ముద్దు, పక్కన ఓ పెడితే కౌగిలి. లండన్‌లో చదువుకుంటున్న మా బంధువుల అమ్మాయి సందేశం చివర రెండు ఎక్స్‌లు పెడితే, గుంటూరులో వాళ్ళ మేనత్త తానేం తప్పు చేశానా అని రెండు రోజులు ఆలోచించింది. పూర్వం ఐరోపాలో రాయడం రానివాళ్ళు పత్రాల మీద నిశానీగా సిలువ గుర్తు వేసి, ప్రమాణంగా దాన్ని ముద్దుపెట్టుకునేవారని, ముద్దు అర్థం అలా వచ్చిందని చెబుతారు. నిశానీ సంగతి ఇంకా పాతది. యోబు 31:35లో యోబు తన చేవ్రాలు అంటున్న చోట, యెహెజ్కేలు 9:4లో మూలుగుతున్నవారి నొసళ్ళ మీద గురుతు వేయమన్న చోట, హెబ్రీలో ఉన్న మాట 'తావ్'. అది హెబ్రీ అక్షరమాలలో చివరి అక్షరం. పాత లిపిలో దాన్ని రెండు అడ్డగీతలుగా, అచ్చం ఎక్స్ లాగానో సిలువ లాగానో రాసేవారు.

డిసెంబరు వచ్చిందంటే ఎక్స్‌మస్ అని రాయడం మీద మన ప్రసంగాల్లో కోపం వినిపిస్తుంది, క్రీస్తు పేరును కొట్టివేసి ఇంటు మార్కు పెట్టారని. అందులో కొట్టివేత లేదు. గ్రీకులో క్రీస్తు అన్న పేరుకు మొదటి అక్షరం 'ఖీ', చూడ్డానికి ఎక్స్ లాగే ఉంటుంది. క్రైస్తవ లేఖకులే భక్తితో అలా కుదించి రాశారు. పులిపీఠం గుడ్డ మీద కుట్టే ఐహెచ్ఎస్ కూడా అంతే, యేసు అన్న గ్రీకు పేరులోని మొదటి మూడక్షరాలు. 'నేను శ్రమపడితిని' అని ఇంగ్లీషులో దానికి చెప్పే అర్థం తర్వాత అతికించినదే.

అక్షరాలతో మనిషి రూపం కట్టడం కూడా 1982లో మొదలు కాలేదు. క్రీ.శ. 200 ప్రాంతానివని భావించే కొన్ని సువార్త ప్రతుల్లో, సిలువ అన్న గ్రీకు మాట వచ్చినచోట లేఖకులు 'తౌ', 'రో' అనే రెండక్షరాలను ఒకదాని మీద ఒకటి రాశారు. తౌ అడ్డకొయ్యతో నిలిచిన మాను, రో పైనున్న సున్న వాలిన తల. సిలువ మీద వేలాడే మనిషిని చూపిన తొలి బొమ్మ ఇదేనని కొందరు పండితుల అభిప్రాయం. యేసు శ్రమను రాసిన వాక్యం మధ్యలో, అక్షరాల్లోనే ఆ రూపం కనబడుతుంది.

అయినా ఉత్తరంలో గొంతు వినబడదన్న బాధ అప్పటివారికీ ఉంది. గలతీయులను గట్టిగా మందలిస్తూ పౌలు మధ్యలో ఆగి, నేనిప్పుడు మీ దగ్గరుండి నా స్వరం మార్చి మాట్లాడగలిగితే బాగుండును అన్న అర్థంలో రాశాడు (4:20). యోహాను రెండవ, మూడవ పత్రికల్ని చూడండి. చెప్పవలసినవి చాలా ఉన్నా సిరాతో రాయడం ఇష్టం లేదని, వచ్చి ముఖాముఖిగా మాట్లాడతానని రెంటిలోనూ ముగించాడు.

మా సంఘంలో ఇప్పుడు ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాం. మరణవార్త వచ్చిన గ్రూపులో బొమ్మలు పెట్టరు. రాయగలిగినవారు తెలుగులో ఒక్క వాక్యం రాస్తారు, రాయలేనివారు మైకు గుర్తు నొక్కి పట్టుకొని మాట్లాడతారు. ప్రార్థన మనవి కింద 'ప్రార్థించాను' అని జరిగిపోయిన మాటగా రాయమని చెప్పాం, చేశాకే రాయాలి కాబట్టి. అందరూ పాటించడం లేదు. ఆ పెద్దాయన మాత్రం తప్పకుండా పాటిస్తారు. ఆయన పంపే వాయిస్ మెసేజ్‌లో ముందు కాసేపు ఫ్యాను చప్పుడు, తర్వాత "వినబడుతోందా అమ్మా" అన్న మాట, ఆ తర్వాత అసలు సంగతి ఉంటుంది.