తెరపై మాయమైనదెల్ల తొలగినట్లేనా?

మన బాలబాలికలు నేడు కంప్యూటరుకు ఆజ్ఞలు వ్రాయుట నేర్చుకొనుచున్నారు. వారు కూర్చిన చిన్న ఆట మొదట చురుకుగ నడచి, పోనుపోను మందగించిన, క్రొత్త కంప్యూటరు కొనుమని అడుగుదురు. కొనుటకు ముందు తలిదండ్రులు ఒక ప్రశ్న వేయుట మేలు: "తెరపైనుండి నీవు తీసిన బొమ్మ ఎచటికి పోయినది?"

అమెరికాలోని బర్కిలీయందు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో, జాన్ ఔస్టర్‌హౌట్ 1988లో టికిల్ అను భాషను నిర్మింప నారంభించెను. దాని వెంట వచ్చినది టీకే అను సాధనసంపుటి. విండోలు, బటన్లు మున్నగువానిని తెరపై నిలుపుట దీని పని. పైథాన్ నేర్చిన పిల్లలు టీకింటర్ అను పేర వాడునదియు దీనినే.

ఇందు "ప్యాక్ ఫర్గెట్" అను ఆజ్ఞ బటనును తెరనుండి తప్పించును. పేరునకు "మరువుము" అని యర్థమైనను మెమరీ దానిని మరువదు. కోరినపుడు మరల చూపవచ్చును. "డిస్ట్రాయ్" అను ఆజ్ఞయో దానిని, దాని లోపలివానిని కూడ నిర్మూలించును. వార్షికోత్సవ నాటకమున తెర వెనుక నిలిచిన పాత్రధారికిని, వేషము తీసి ఇంటికి పోయినవానికిని గల భేదమే ఇది. మరల రావలసినవానిని తెర వెనుక నుంచుట తప్పు కాదు. పని ముగిసినవారిని కూడ అచటనే నిలిపి, ప్రతి రంగమునకు క్రొత్తవారిని పిలిచినచో చోటు చాలదు.

బొమ్మల విషయమున మరింత మెలకువ వలయును. టికిల్‌లో బొమ్మను చూపు చట్రమును నిర్మూలించినను బొమ్మ మెమరీలో నిలిచియే యుండును. "ఇమేజ్ డిలీట్" అని వేరుగ ఆజ్ఞాపింపవలెను. టీకే బొమ్మలోని ప్రతి చుక్కకు 4 బైట్లు కేటాయించును. 800 చుక్కల వెడల్పు, 600 చుక్కల ఎత్తు గల బొమ్మకు 19,20,000 బైట్లు పట్టును. అక్షరమాల ఆటలో ఇట్టివి 100 మిగిలిపోయిన 19 కోట్ల 20 లక్షల బైట్లు వ్యర్థము. పైథానులో చిక్కు ఇందుకు విపరీతము: బొమ్మకు పెట్టిన పేరును నిలుపుకొననిచో, చూపవలసిన బొమ్మయే మాయమగును.

ఆటను మూసినంతనే ఆ చోటంతయు కంప్యూటరుకు తిరిగి వచ్చును. అందుచేతనే ఐదు నిమిషముల పరీక్షలో ఈ లోపము బయటపడదు. కావున ఆటను ఒక గంటసేపు ఆడించి చూడుడు. అప్పుడును మందగింపనిచో, తాను తెచ్చినవానిని తానే తీసివేయుట మీ బిడ్డ నేర్చినట్లే.