శుక్లం తీయించాక షుగరున్నవారి కన్ను

షుగరున్న పెద్దవాళ్ళు మనలో చాలామంది ఇళ్ళల్లో ఉన్నారు. వారికి కంట్లో శుక్లం రావడమూ, ఆపరేషన్ చేయించడమూ మామూలైపోయింది. పొద్దున వెళ్ళినవారు సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తున్నారు. అందుకే కాబోలు, "పొర తీసేశారు, ఇంకేముంది?" అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

మా అత్తగారికి నాలుగు రోజుల్లోనే చూపు తేటపడింది. కాలెండర్లో తిథులు చదివి మురిసిపోయారు. పదిహేను రోజులయ్యేసరికి, "కన్ను బాగానే ఉందిగా అమ్మాయ్, ఇంకా ఈ చుక్కలెందుకు?" అన్నారు. నేనూ పట్టుబట్టలేదు. నెలన్నర తిరిగేసరికి అక్షరాలు అలుక్కుపోతున్నాయన్నారు. కళ్ళజోడు మార్చాలేమో అనుకున్నాం. అది కాదట!

డాక్టరుగారు చెప్పింది మీకూ చెబుతాను. కంటి ముందుభాగంలో లెన్సు ఉంటుంది. వెనక, పాతకాలపు కెమెరాలో ఫిల్ములాగా, రెటీనా అనే పల్చటి పొర ఉంటుంది. శుక్లమంటే ఆ లెన్సు మసకబారడం. దాన్ని తీసి కొత్తది పెడతారు. వెనక రెటీనా మాత్రం పాతదే. షుగరువల్ల అక్కడి సన్నని రక్తనాళాలు బలహీనపడి ఉంటాయి. ఆపరేషన్ తాలూకు వాపుకి వాటిలోంచి నీరు ఊరి, సరిగ్గా చూపు నిలిచే నడిమిచోట చేరుతుంది. ఎక్కువగా ఇది నాలుగు, ఆరు వారాల మధ్య బయటపడుతుంది. నొప్పుండదు, ఎరుపుండదు. అందుకే మోసపోతాం. ఆ వాపును అణచడానికే అన్ని వారాలు చుక్కలు వేయమనేది.

కనుక ఆపరేషన్‌కు ముందే, కంటిపాప పెద్దదయ్యే మందు వేయించి రెటీనా చూపించండి. అక్కడ లోపముంటే ముందు దానికి వైద్యం జరగాలి. మూడు నెలల సగటు షుగరు తెలిపే రక్తపరీక్ష కూడా చేయించండి. ముందురోజు పస్తుపెట్టి షుగరు తగ్గిద్దామనుకోకండి, కళ్ళు తిరిగి పడిపోతారు.

చుక్కలు వేసేముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సీసా మూతి రెప్పకి తగలకూడదు. రెండు రకాల మందులుంటే మధ్య ఐదు నిమిషాలు ఆగండి. వాటిని ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు మానాలో డాక్టరే చెప్పాలి. చీరకొంగుతో కన్ను తుడవడం, కాటుక, తలమీద నీళ్ళు పోసుకోవడం వారు సరేననేదాకా వద్దు. తేనె, చనుబాలు వేయమనే చుట్టాలు వస్తారు. కాఫీ ఇచ్చి పంపించండి.

మొదటి రోజుల్లో నొప్పి, ఎరుపు, పుసి ఎక్కువైనా, వచ్చిన చూపు తగ్గినా తెల్లవారేదాకా ఆగవద్దు. లోపల చీము పట్టే ప్రమాదం షుగరున్నవారికి ఎక్కువ. గంటలు గడిస్తే కన్నే పోవచ్చు.

అంతా బాగున్నా నాలుగు, ఆరు వారాల మధ్య రెటీనా మళ్ళీ చూపించాలి. ఆ తర్వాత ఏడాదికొకసారైనా తప్పదు. కొన్ని నెలలకో, ఏళ్ళకో మళ్ళీ మసక వస్తే, కొత్త లెన్సు వెనకనున్న పొర మందమై ఉండవచ్చు. దాన్ని లేజరుతో కొద్ది నిమిషాల్లో సరిచేస్తారు. అదా, రెటీనా వాపా అన్నది మనం ఇంట్లో తేల్చుకునేది కాదు.

మా అత్తగారికి మళ్ళీ చుక్కలు, కంట్లో రెండు ఇంజెక్షన్లు పడ్డాయి. చూపు చాలావరకు తిరిగొచ్చింది. పంచాంగంలో సన్నక్షరాలు మాత్రం నేనే చదివిపెడుతున్నాను. వచ్చే నెల రెండో కంటికి ఆపరేషన్. చుక్కల వేళలు రాసి వంటింటి గోడకి అంటించడానికి అట్టముక్క ఇప్పుడే కోసిపెట్టాను.