రంపం మిషన్ దగ్గర ఏమరుపాటు వద్దు – వేళ్లు మళ్లీ మొలవవు

నాగలి, గుంటక, బండి చక్రం అన్నీ బాడిశతో, ఉలితో చెక్కిన రోజులు పోయాయి. ఇప్పుడు పల్లెల్లోని వడ్రంగం కొట్టాల్లోనూ కరెంటు రంపాలు, చిత్రిక మిషన్లు, గ్రైండర్లు తిరుగుతున్నాయి. ఎకరం, రెండెకరాల సేద్యంతో ఇల్లు గడవక వేసవిలో వడ్రంగం పనికి పోయే రైతులు ఉన్నారు. పశువుల పాకకు గుంజలు, గుమ్మానికి చెక్కలు సొంతంగా కోసుకుందామని చేతి మిషన్ కొనుక్కునే వాళ్లూ ఉన్నారు. 2023లో కేంద్రం మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగులకు పనిముట్ల కోసం 15 వేల రూపాయల వరకు సాయం కూడా ఉంది. మిషన్ ఇంటికి రావడం తేలికైంది. దాంతోపాటు జాగ్రత్త కూడా రావాలి.

చేతిరంపం జారితే తోలు గీరుకుంటుంది. కరెంటు రంపం జారితే వేలు పోతుంది. బొటనవేలు పోయిన చెయ్యి పాలు పితకలేదు, కొడవలి పట్టలేదు. చిన్న రైతుకు చెయ్యే పెట్టుబడి. మిషన్‌తో వచ్చిన మూతలు, రేకులు ‘పనికి అడ్డం’ అని ఊడదీసి మూలన పడేయడం చాలా చోట్ల మామూలైపోయింది. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

వేగం ఎంత?

బల్ల రంపానికి వాడే మోటారు నిమిషానికి సుమారు 2,880 చుట్లు తిరుగుతుందనుకుందాం. అంటే సెకనుకు 48 చుట్లు. దానికి 12 అంగుళాల బ్లేడు నేరుగా బిగిస్తే పళ్ల అంచు గంటకు 165 కిలోమీటర్ల వేగంతో పోతుంది. చెయ్యి తగిలిందని మనకు తెలిసి, వెనక్కి లాక్కోవడానికి సుమారు పావు సెకను పడుతుంది. ఆ పావు సెకనులో బ్లేడు 12 చుట్లు తిరుగుతుంది. బ్లేడుకు 40 పళ్లుంటే 480 పళ్లు దాటిపోయినట్టు. ‘తగిలితే చెయ్యి తీసేస్తాంలే’ అనే ధీమా ఇక్కడ పనికిరాదు. చెయ్యి అసలు అటు పోకుండా చూసుకోవడమే మార్గం.

బెల్టుతో నడిచే రంపానికి పుల్లీ లెక్క కూడా తెలిసి ఉండాలి. మోటారు వేగాన్ని మోటారు పుల్లీ సైజుతో గుణించి, బ్లేడు వైపు పుల్లీ సైజుతో భాగించాలి. 1,440 చుట్ల మోటారుకు 6 అంగుళాల పుల్లీ, బ్లేడు వైపు 3 అంగుళాల పుల్లీ వేస్తే బ్లేడు 2,880 చుట్లు తిరుగుతుంది. చాలా బ్లేడ్ల మీద ఎంత వేగం మించకూడదో ముద్రించి ఉంటుంది. చేతికి దొరికిన పుల్లీ వేసి ఆ వేగం దాటిస్తే పళ్లు ఊడి తూటాల్లా వస్తాయి.

కట్టె ఎందుకు ఎదురు తన్నుతుంది?

బల్ల రంపం దగ్గర పెద్ద దెబ్బలకు ముఖ్య కారణం కట్టె ఎదురు తన్నడం. బ్లేడు ముందు వైపు పళ్లు కిందికి దిగుతూ కట్టెను బల్లకు అదిమిపెడతాయి. వెనక వైపు పళ్లు పైకి లేస్తాయి. కోత పూర్తవుతుండగా చెక్క రెండు పాయలూ దగ్గరికి ముడుచుకుంటే వెనక పళ్లను పట్టేస్తాయి. అప్పుడు ఆ పళ్లు చెక్కను పైకెత్తి మన మీదికే విసురుతాయి. చెక్కను నొక్కి పట్టుకున్న చెయ్యి ఆధారం తప్పి బ్లేడు మీద పడుతుంది. పచ్చి కట్టె, మెలి తిరిగిన కట్టె, ముడులున్న కట్టె ఇలా ముడుచుకోవడం ఎక్కువ. అప్పుడే కొట్టిన వేప, తుమ్మ దుంగలతో మరీ జాగ్రత్త.

దీనికి విరుగుడు ఉంది. బ్లేడు వెనక, దాన్ని ఆనుకున్నట్టుగా నిలబడే ఒక ఇనుప రేకు ఉంటుంది. రివింగ్ నైఫ్ అంటారు. కోసిన రెండు పాయలూ దగ్గరికి రాకుండా ఇది మధ్యలో అడ్డుగా నిలుస్తుంది. బ్లేడు రేకు కన్నా కొంచెం మందంగా, పళ్లు కోసే గాడి కన్నా కొంచెం పలచగా ఉండాలి. మీ మిషన్‌కు లేకపోతే మిషన్లు బాగుచేసే ఫిట్టర్‌తో కొలత ప్రకారం చేయించి పెట్టించండి. పొడవు చెక్క కోసేటప్పుడు కోసిన సందులో చిన్న చీల దిగ్గొట్టాలన్నా ముందు మిషన్ ఆపాలి.

ఇంకొన్ని మెళకువలు: బ్లేడును చెక్క మందం మీద పన్ను ఎత్తు మాత్రమే పైకి తేలేలా పెట్టాలి. బ్లేడుకు ఎదురుగా నిలబడకుండా ఒక పక్కకు నిలవాలి. గైడు పట్టీ లేకుండా ఉత్త చేతులతో చెక్కను తోయకూడదు. ముక్కలు అడ్డంగా కోసేటప్పుడు గైడు పట్టీకి ఆనించి కోయకూడదు. ముక్క పట్టీకీ బ్లేడుకూ మధ్య ఇరుక్కుని ఎగురుతుంది.

వేలికి బదులు కర్ర

అర్ధ రూపాయి ఖర్చు లేని రక్షణ తోపుడు కర్ర. మూరెడు చెక్క ముక్కకు చివర చిన్న గాడి కొడితే చాలు. బ్లేడుకు జానెడు దూరంలోకి చెయ్యి వెళ్లే పని ఏదైనా కర్రతోనే చేయాలి. సన్న పట్టీలు తీసేటప్పుడు రెండో చేతిలోనూ ఒక కర్ర ఉండాలి. కర్ర తెగితే ఇంకోటి చేసుకోవచ్చు. అందుకే రెండు మూడు ముందే చేసి మిషన్‌కే వేలాడదీయండి. వెతుక్కోవాల్సి వస్తే ఎవరూ వాడరు.

కోసిన చిన్న ముక్కలు బ్లేడు పక్కన పడి ఉంటే తిరుగుతుండగా చేత్తో తీయవద్దు. స్విచ్చి ఆపాక కూడా బ్లేడు కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. చప్పుడు తగ్గింది కదా అని చెయ్యి పెట్టకండి. పూర్తిగా నిలబడ్డాకే తీయాలి.

గ్రైండర్‌కు రంపం బ్లేడు వద్దు

ఇప్పుడు ఊళ్లలో ఎక్కువగా కనిపిస్తున్న తప్పు ఇదే. ఇనుము కోసే 4 అంగుళాల గ్రైండర్‌కు పళ్ల బ్లేడు బిగించి కట్టెలు కోస్తున్నారు. రాళ్లు కోసే మార్బుల్ కట్టర్‌నూ అలాగే వాడుతున్నారు. ఇవి నిమిషానికి పదకొండు, పన్నెండు వేల చుట్లు తిరిగేవి. గ్రైండర్ రాయి అరుగుతూ కోస్తుంది. పళ్ల బ్లేడు కట్టెను పట్టుకుంటుంది. పట్టు దొరికిందంటే మిషనే చేతిలోంచి ఎగిరి తొడ మీదికో, మెడ మీదికో వస్తుంది. పైగా చాలా గ్రైండర్లకు స్విచ్చి ఒకసారి ముందుకు నెడితే అలాగే ఉండిపోతుంది. చేతిలోంచి జారినా ఆగదు. పెద్ద బ్లేడు పట్టదని మూత కూడా తీసేసి 5, 7 అంగుళాల బ్లేడు వేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. పెద్ద బ్లేడు అంత వేగానికి తయారైంది కాదు.

కట్టె కోయాలంటే కట్టె కోసే చేతి రంపం మిషనే తీసుకోవాలి. సర్క్యులర్ సా అని అడిగితే ఇస్తారు. దీని కింది మూత స్ప్రింగుతో పనిచేస్తుంది. కోత అయిపోగానే తనంతట తానే మూసుకుంటుంది. ఆ మూతను పైకెత్తి తీగతో కట్టేస్తే కొన్న డబ్బు దండగే.

చిత్రిక మిషన్ దగ్గర

చిత్రిక మిషన్‌ను కొన్ని చోట్ల రందా మిషన్ అంటారు. ఇది వేలిని కోయదు, నమిలేస్తుంది. తిరిగి అతికించడం డాక్టర్లకు కూడా కష్టం. మూరెడు కన్నా పొట్టి ముక్కలను దీని మీద పెట్టకండి. వాటిని చేతి చిత్రికతో నున్న చేసుకోవడమే మేలు. కత్తుల మీదుగా చెక్కను తోసేటప్పుడు అరచెయ్యి అంచు దాటి వేలాడకూడదు. చెక్కను అదిమి తోసే పిడి పలక వాడాలి.

కట్టెలో దాగిన ఇనుము

గట్టు మీది చెట్టు కోయించేటప్పుడు ఒక సంగతి మరవద్దు. ఏనాడో కంచె తీగ కట్టిన చెట్టు, గేదెను కట్టడానికి మేకు దిగ్గొట్టిన చెట్టు బెరడు కప్పేసుకుని పైకి ఏమీ తెలియనివ్వదు. బ్లేడుకు మేకు తగిలితే పన్ను ఊడి కంటికి తగలవచ్చు. బెరడు చెక్కేసి చూడాలి. చెక్క మీద నల్లటి నీలి మచ్చ కనిపిస్తే లోపల ఇనుము ఉందని అనుమానించాలి. పాత గుమ్మాలు, దూలాలు కోసే ముందు మేకులన్నీ పీకేయాలి. సామిల్లుకు తోలేటప్పుడు ‘ఇది కంచె చెట్టు’ అని మిల్లు వాళ్లకు ముందే చెప్పడం మన బాధ్యత.

కరెంటుతో నాలుగు చిక్కులు

మొదటిది, తిరగబడటం. లైన్ మరమ్మతు చేశాకో, ట్రాన్స్‌ఫార్మర్ మార్చాకో ఫేజులు మారితే బోరు మోటారు ఉల్టా తిరుగుతుంది, నీళ్లు సరిగా ఎత్తదు. రైతులకు ఇది తెలిసిందే. మూడు ఫేజుల రంపం మిషన్‌కూ అదే జరుగుతుంది. బోరు దగ్గర నీళ్లు రావు, అంతే. రంపం దగ్గర బ్లేడు నట్టు వదులై ఊడవచ్చు. లైన్ పని జరిగిన ప్రతిసారీ కట్టె పెట్టకుండా, దూరంగా నిలబడి ఒక్క క్షణం వేసి తిరిగే వైపు చూసుకోవాలి. సరైన వైపు ఏదో మిషన్ మీద రంగుతో బాణం గుర్తు వేసుకోండి.

రెండోది, స్టార్టర్. కరెంటు పోగానే స్టార్టర్ దానంతట అదే పడిపోవాలి. మళ్లీ మనం నొక్కితేనే మిషన్ నడవాలి. పచ్చ బటన్‌కు పుల్ల గుచ్చినా, బోరుకు పెట్టినట్టు ఆటో స్టార్టర్ పెట్టినా, కరెంటు పోయిందని బ్లేడు దగ్గర చెయ్యి పెట్టిన క్షణంలోనే కరెంటు రావచ్చు. బ్లేడు మార్చేటప్పుడు, పొట్టు తీసేటప్పుడు మెయిన్ ఆపాలి, చేతి మిషన్ అయితే ప్లగ్గు పీకాలి.

మూడోది, ఎర్తింగ్. ఇనుప మిషన్లకు ఎర్త్ తీగ తప్పనిసరి. ఎండాకాలంలో ఎర్త్ గొయ్యిలో నీళ్లు పోస్తుండాలి. ఫ్యూజు తీగను కాపాడుతుంది గానీ మనిషిని కాపాడదు. మనిషికి షాక్ కొట్టినప్పుడు తటాలున కరెంటు తెంపేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. చేతి మిషన్ మీద చదరంలో చదరం గుర్తుంటే దానికి ఎర్త్ అవసరం లేదు. అయినా అతుకులేసిన తీగతో, తడి నేల మీద వాడకూడదు.

నాలుగోది, కనెక్షన్. పంపుసెట్టుకిచ్చిన వ్యవసాయ కనెక్షన్ నుంచి రంపం మిషన్ నడపడం 2003 విద్యుత్ చట్టం ప్రకారం అనధికార వాడకం. జరిమానా పడుతుంది.

ఒంటి మీద, చుట్టుపక్కల

కండువా, వదులు చొక్కా, చేతి దారాలు, కడియం, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టాలి. లుంగీ బదులు ప్యాంటు మేలు. ఆడవాళ్లు కొంగు దోపుకోవాలి, జడ ముడి వేసుకోవాలి. తిరిగే బ్లేడు దగ్గర చేతి తొడుగులు వద్దు. అవి చేతిని కాపాడవు సరికదా, పళ్లకు చిక్కి లోపలికి లాగుతాయి. కళ్లద్దాలు మాత్రం తప్పక పెట్టుకోవాలి.

కట్టె పొడి తేలికగా తీసుకునేది కాదు. ఏళ్ల తరబడి పీల్చితే ముక్కులో క్యాన్సర్ రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. ముక్కుకు మాస్కు కట్టాలి, కొట్టానికి గాలి ఆడే కిటికీలుండాలి. పొట్టు దగ్గర బీడీ, చుట్ట వద్దు. మూరెడు దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే ఆ చప్పుడు చెవికి చేటు. చెవి మూతలు వాడాలి.

పిల్లలను మిషన్ దగ్గరికి రానివ్వద్దు. మందు తాగినప్పుడు, నిద్ర చాలనప్పుడు మిషన్ ముట్టుకోవద్దు. పని చేసే మనిషిని వెనక నుంచి పిలవొద్దు, ఎదురుగా వచ్చి ఆగాలి.

వేలు తెగితే ఏం చేయాలి?

ముందు మిషన్ ఆపాలి. గాయం మీద శుభ్రమైన గుడ్డ గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచాలి. కాఫీ పొడి, పసుపు, సున్నం వేయొద్దు. తెగిన వేలిని పారేయొద్దు. శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, నీళ్లు చొరని పాలిథిన్ కవర్లో పెట్టి మూతి కట్టాలి. ఆ కవర్‌ను ఐసు కలిపిన నీళ్లలో పెట్టాలి. వేలు నేరుగా ఐసుకు తగిలితే పాడైపోతుంది. 108కు ఫోన్ చేసి వేలు తెగిందని ముందే చెప్పండి. అతికించే సౌకర్యం ఉన్న ఆసుపత్రికి ఎంత త్వరగా చేరితే వేలు నిలిచే అవకాశం అంత ఎక్కువ. ధనుర్వాతం ఇంజెక్షన్ మరవద్దు.

ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలే. 18 నుంచి 70 ఏళ్ల లోపు బ్యాంకు ఖాతా ఉన్నవారు చేరవచ్చు. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు, ఒక చెయ్యి గానీ ఒక కన్ను గానీ పూర్తిగా పోతే లక్ష వస్తుంది. ఒకటి రెండు వేళ్లు పోతే మాత్రం ఏమీ రాదు. బీమా ఉంది కదా అని మూత తీసేయకండి.

మిషన్ వేసే ముందు చూసుకోండి

• మూత, బ్లేడు వెనక రేకు తమ చోట ఉన్నాయా?
• బ్లేడు నట్టు బిగువుగా ఉందా? పగుళ్లు, ఊడిన పళ్లు లేవని చూశారా?
• తోపుడు కర్ర చేతికందేలా ఉందా?
• కట్టెలో మేకులు, తీగలు లేవని చూశారా?
• కాళ్ల కింద పొట్టు, ముక్కలు ఊడ్చారా?
• కండువా, కడియం తీశారా? కళ్లద్దాలు పెట్టారా?
• ఆపే స్విచ్చి చేతికందే దూరంలో ఉందా?

ఈ ఏడూ చూసుకోవడానికి రెండు నిమిషాలు పట్టదు. ఏ ఒక్కటి ‘లేదు’ అనిపించినా దాన్ని సరిచేశాకే బటన్ నొక్కండి.